ఆకరంగా పనికివచ్చింది వ్యాసంగా పనికిరాదా?: పాన్-ఆఫ్రికన్ అధ్యయనాలలో డిగ్రీ విద్యార్థుల పరిశోధన, ప్రచురణ

విశ్వవిద్యాలయాలలో కొన్ని అభిప్రాయాలు ఎంతగా వేళ్లూనుకొని ఉంటాయంటే, వాటిని ఎవరూ వాదించి నిలబెట్టవలసిన అవసరం రాదు. డిగ్రీ విద్యార్థి నేర్చుకొనే మనిషి, పరిశోధకుడు కనుగొనే మనిషి అన్నది అటువంటి అభిప్రాయం. విద్యార్థి రాసేది మార్కుల కోసం. దిద్ది, మార్కులు వేసి, బీరువాలో పెట్టడంతో దాని ఆయుష్షు తీరిపోతుంది. అదే విషయాన్ని పదేళ్ల తరువాత పేరు ముందు డాక్టరేటు చేర్చుకొని రాస్తే అది శాస్త్రమవుతుంది. పరిశోధన పత్రికలలో ఎక్కువభాగం ఈ నియమాన్ని కాగితం మీద రాయవు. రాయకుండానే పాటిస్తాయి.

ఈ అభిప్రాయం తప్పని పాన్-ఆఫ్రికన్ అధ్యయనాల చరిత్ర ఆధారంగా చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆఫ్రికా ఖండంలోని ప్రజలను, బానిస వ్యాపారం వల్లా వలసల వల్లా అమెరికాలకు, కరీబియన్ దీవులకు, ఐరోపాకు, హిందూ మహాసముద్ర తీరాలకు చేరిన ఆఫ్రికా సంతతిని కలిపి చూసే విద్యాశాఖ ఇది. దీనినే ఉదాహరణగా ఎంచుకోవడానికి కారణం ఉంది. ఈ శాఖ పుట్టుకలో విద్యార్థుల చేయి ఉన్నంతగా మరే శాఖలోనూ లేదనడం అతిశయోక్తి కాదు. తనకు పురుడు పోసినవారి వారసులనే గడప బయట నిలబెట్టే విద్యాశాఖ తన చరిత్రను తానే చదవడం లేదని అర్థం.

1. విద్యార్థులు తెరిచిన దారి

1900 జూలైలో లండన్‌లో మొదటి పాన్-ఆఫ్రికన్ సదస్సు జరిగింది. దానిని కూడగట్టిన ట్రినిడాడ్ వాసి హెన్రీ సిల్వెస్టర్ విలియమ్స్ అప్పటికి న్యాయవాది కాడు, న్యాయశాస్త్ర విద్యార్థి. 1925లో అదే లండన్‌లో పశ్చిమ ఆఫ్రికా విద్యార్థి సంఘాన్ని స్థాపించడంలో ముందు నిలిచిన నైజీరియా వాసి లాదిపో సొలాంకే కూడా న్యాయశాస్త్రం చదవడానికి వచ్చినవాడే. ఆ సంఘం మరుసటి ఏడాది నుంచే 'వాసు' పేరుతో సొంత పత్రిక నడిపింది. ఆఫ్రికా ప్రజల చరిత్ర, న్యాయ సంప్రదాయాలు, భూమి హక్కుల మీద ఆఫ్రికన్లే రాయగలరని బ్రిటన్ విశ్వవిద్యాలయాలు ఒప్పుకోకముందే విద్యార్థులు రాసి చూపించారు.

పారిస్ కథ మరింత ప్రసిద్ధం. 1935లో మార్టినిక్ విద్యార్థుల సంఘం 'నల్ల విద్యార్థి' అని అర్థం వచ్చే 'ఎతుద్యాఁ న్వార్' పత్రికను వెలువరించింది. ఎమే సెజేర్, లియోపోల్డ్ సెంఘోర్ అందులో రాశారు. ఆ ఏడాది మే-జూన్ సంచికలోని వ్యాసంలో 'నెగ్రిట్యూడ్' అన్న మాటను వాడేనాటికి సెజేర్ వయస్సు 21 ఏళ్లు. అంతకు ముందే, 1928లో, సోర్బాన్‌లో చదువుకున్న జేన్ నార్దాల్ నల్లజాతి అంతర్జాతీయత గురించి వ్యాసం రాసింది. ఆమె అక్క పోలెట్ నార్దాల్ 1931లో ఆరంభమైన 'రెవ్యూ దు మోంద్ న్వార్' పత్రికకు ప్రాణం పోసింది. నెగ్రిట్యూడ్ చరిత్ర రాసినవారు చాలాకాలం ఈ అక్కాచెల్లెళ్లను పాదసూచికలకే పరిమితం చేశారు.

ఈ ఉదంతంలో పరిశోధకులు గమనించవలసిన పాఠం మరొకటి ఉంది. సెజేర్ ఆ మాటను వాడిన సంచిక దశాబ్దాల పాటు పరిశోధకులకు అందుబాటులో లేదు. అందువల్ల నెగ్రిట్యూడ్ అన్న పదం 1939 నాటి సెజేర్ దీర్ఘకావ్యంతోనే అచ్చులోకి వచ్చిందని పండితులు రాస్తూ వచ్చారు. ఒక విద్యార్థి పత్రికను ఎవరూ భద్రపరచకపోవడం వల్ల ఇరవయ్యవ శతాబ్దపు ప్రముఖ భావన ఒకదాని పుట్టుక తేదీ తప్పుగా నమోదైంది. విద్యార్థుల రచన భద్రపరచదగినది కాదన్న తీర్పు నిర్దోషమైన నిర్లక్ష్యమేమీ కాదు. దాని మూల్యాన్ని శాస్త్రం చెల్లిస్తుంది.

అమెరికాలో ఈ శాఖ విశ్వవిద్యాలయంలోకి అడుగుపెట్టింది కూడా విద్యార్థుల భుజాల మీదనే. 1968 నవంబరు 6న శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ కళాశాలలో నల్లజాతి విద్యార్థి సంఘం ప్రారంభించిన సమ్మె 1969 మార్చి దాకా సాగింది. నల్లజాతి అధ్యయనాల శాఖ అక్కడ నిలదొక్కుకొన్నది ఆ సమ్మె ఫలితంగానే. ఒహాయో రాష్ట్రంలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో 1968లో ప్రాంగణం విడిచి వెళ్లి నిరసన తెలిపిన నల్లజాతి విద్యార్థుల ఒత్తిడి నుంచే తరువాతి పాన్-ఆఫ్రికన్ అధ్యయనాల శాఖ రూపుదిద్దుకొన్నది. ఫిబ్రవరిని నల్లజాతి చరిత్ర మాసంగా జరపాలన్న ప్రతిపాదన చేసి, 1970లో జరిపి చూపినవారు కూడా ఆ విద్యార్థులే.

2. దార్ ఎస్ సలామ్: రెండు సాక్ష్యాలు

ఇదంతా ఉద్యమ చరిత్ర, పరిశోధన చరిత్ర కాదు అని ఎవరైనా అనవచ్చు. అందుకే పరిశోధనకే సంబంధించిన రెండు సాక్ష్యాలను ఒకే ఊరి నుంచి, దాదాపు ఒకే కాలం నుంచి ముందుంచుతున్నాను.

1905లో దక్షిణ టాంగన్యీకాలో జర్మన్ పాలన మీద ప్రజలు తిరగబడ్డారు. బలవంతపు పత్తి సాగు తక్షణ కారణాలలో ముఖ్యమైనది. తుపాకి గుండును నీరుగా మార్చే మంత్రజలం ఉందన్న నమ్మకం వల్ల స్వాహిలీలో నీరు అని అర్థం వచ్చే 'మాజి' పేరుతోనే ఆ యుద్ధం చరిత్రకెక్కింది. 1907 దాకా సాగిన ఆ తిరుగుబాటు గురించి రాతలో మిగిలింది ఎక్కువగా జర్మన్ అధికారుల, క్రైస్తవ మిషనరీల మాట. తిరగబడ్డవారి మాట మనుషుల జ్ఞాపకాలలో ఉంది. 1968 నాటికి ఆ యుద్ధాన్ని చిన్నతనంలో చూసినవారు కూడా డెబ్భైకి చేరువైన వృద్ధులు. ఇంకొక పదేళ్లు ఆగితే అడగడానికి మనిషి మిగలడు.

ఆ ఏడాది దార్ ఎస్ సలామ్ యూనివర్సిటీ కళాశాల చరిత్ర శాఖ మాజిమాజి పరిశోధన ప్రణాళికను చేపట్టింది. వృద్ధులను వెతికి, కూర్చోబెట్టి, విని, రాసుకొన్నవారు డిగ్రీ విద్యార్థులు. స్థానిక భాష వారికి ఇంటి భాష. ఏ ముసలాయన ఏ వంశం వాడో, ఎవరి ముందు ఏ మాట చెప్పడో వారికి తెలుసు. అక్కడి ఆచార్యులలో విదేశాల నుంచి వచ్చినవారికి ఈ విద్య ఎంత చదివినా అబ్బేది కాదు. విద్యార్థులు రాసిన పత్రాలను శాఖ ఒక సంపుటంగా కూర్చింది. ఉంగోని ప్రాంతం మీది అధ్యయనం ఒకటి 1969లో పుస్తకంగా వెలువడింది. తక్కిన వాటిలో ఎక్కువభాగం సైక్లోస్టైల్ ప్రతులుగానే ఉండిపోయాయి.

ఆ తరువాత మాజిమాజి యుద్ధం గురించి రాసిన చరిత్రకారులు దాదాపు అందరూ ఆ పత్రాల మీద ఆధారపడ్డారు. పాదసూచికలలో అవి సంక్షిప్త నామంతో, సంకేత సంఖ్యలతో కనిపిస్తాయి. వాటి ఆధారంగా వ్యాసాలు, సిద్ధాంత గ్రంథాలు, ఆచార్య పదవులు వచ్చాయి. సేకరించి, పోల్చి, కారణాలు నిర్ణయించి రాసినవారిలో చాలామంది మాత్రం సంఖ్యల వెనుకనే ఉండిపోయారు.

ఇది దార్ ఎస్ సలామ్‌కే పరిమితమైన విషయం కాదు. నైజీరియా విశ్వవిద్యాలయాలలో బి.ఎ. చివరి సంవత్సరపు విద్యార్థి ఒక దీర్ఘవ్యాసం సమర్పించడం ఆనవాయితీ. చరిత్ర శాఖలలో వీటిలో చాలాభాగం సొంత ఊరి, సొంత రాజవంశపు, సొంత సంత చరిత్రలు. నైజీరియా చరిత్ర గ్రంథాల చివర ఉన్న ఆకరాల పట్టికలు తిరగేస్తే 'అముద్రిత బి.ఎ. దీర్ఘవ్యాసం' అన్న మాట తరచుగా ఎదురవుతుంది. ఇక్కడే నా ప్రశ్న: నీ వాదానికి ఆకరంగా పనికివచ్చినది తన వాదంగా అచ్చు కావడానికి ఎందుకు పనికిరాదు? నమ్మదగినది కాకపోతే ఉదహరించకూడదు. నమ్మదగినదైతే దాచకూడదు. ఉదహరిస్తూ దాచడం ఏ శాస్త్ర మర్యాదకూ పొసగదు.

రెండవ సాక్ష్యం ప్రచురణది. 1969 నవంబరులో అదే ప్రాంగణంలో విద్యార్థుల ఆఫ్రికా విప్లవ సంఘటన 'చెచె' అనే సైక్లోస్టైల్ పత్రికను ప్రారంభించింది. స్వాహిలీలో ఆ మాటకు నిప్పురవ్వ అని అర్థం. సంపాదకులలో ఒకడైన కరీం హిర్జీ గణితశాస్త్ర విద్యార్థి. 1970లో ఇసా శివ్‌జీ 'నిశ్శబ్ద వర్గపోరాటం' అన్న దీర్ఘవ్యాసాన్ని అందులో ప్రచురించాడు. అరుషా ప్రకటనతో సోషలిజం వైపు నడుస్తున్నానని చెప్పుకొంటున్న దేశంలో, జాతీయం చేసిన సంస్థల లోపల అధికారవర్గం ఎలా వేళ్లూనుకొంటున్నదో, విదేశీ పెట్టుబడి ఏ దారుల్లో కొనసాగుతున్నదో ఆ వ్యాసం చర్చించింది. అప్పటికి శివ్‌జీ న్యాయశాస్త్రంలో మొదటి డిగ్రీ దశ దాటీ దాటనివాడు.

ఆచార్యులు ఏం చేశారన్నది ఇక్కడ ముఖ్యం. బాగుందని భుజం తట్టి ఊరుకోలేదు, విద్యార్థి రాత కదా అని పక్కన పెట్టలేదు. వాల్టర్ రోడ్నీ, జాన్ సాల్, తమాస్ సెంతెష్ వంటివారు దానికి జవాబులు రాశారు, విభేదించారు, లోపాలు చూపారు. ఆ జవాబులతో కలిపి టాంజానియా పబ్లిషింగ్ హౌస్ దానిని 1973లో పుస్తకంగా తెచ్చింది. ఆఫ్రికాలో రాజ్యం, వర్గం గురించి జరిగిన చర్చలో అది ఇప్పటికీ ఒక మైలురాయి. విద్యార్థి రచనను గౌరవించడమంటే పొగడడం కాదు. దానితో సమాన స్థాయిలో తలపడడం.

పత్రిక ఏడాది మాత్రమే బతికింది. 1970 నవంబరులో సంఘటనను, పత్రికను రెండింటినీ నిషేధించారు. పత్రిక పేరు పరాయి విప్లవాన్ని గుర్తుచేస్తున్నదన్నది చెప్పిన కారణాలలో ఒకటి. రచనలో నాణ్యత లేదని మాత్రం ఎవరూ అనలేదు. నాణ్యత ఉండడమే అక్కడ నేరమైంది. నలభై ఏళ్ల తరువాత, 2010లో, హిర్జీ సంపాదకత్వంలో నాటి విద్యార్థులే పూనుకొని ఆ పత్రిక చరిత్రను గ్రంథస్థం చేయవలసి వచ్చింది.

3. పూర్వపక్షాలు

డిగ్రీ విద్యార్థుల ప్రచురణకు వ్యతిరేకంగా చెప్పే మాటలలో బలమైనవి మూడు ఉన్నాయి. వాటిని దాటవేయడం న్యాయం కాదు.

మొదటిది: ఆకరం వేరు, వాదం వేరు. దినచర్య పుస్తకం చరిత్రకారుడికి ఆకరమే. అంతమాత్రాన అది శాస్త్ర వ్యాసం కాదు. విద్యార్థులు సేకరించిన సాక్ష్యం కూడా అటువంటి ముడిసరుకే అంటారు. ఈ మాట మౌఖిక చరిత్ర స్వభావాన్ని గుర్తించదు. ఎవరిని అడగాలి, ఇద్దరు రెండు విధాలుగా చెప్పినప్పుడు ఎవరి మాట ఏ కారణంతో స్వీకరించాలి, చెప్పని దానిని ఎలా అర్థం చేసుకోవాలి అన్న నిర్ణయాలు సేకరణలోనే జరుగుతాయి. ఆ నిర్ణయాలే విశ్లేషణ. వాటిని చేసిన వ్యక్తిని సేకర్త అని, తరువాత గదిలో కూర్చొని చదివిన వ్యక్తిని పరిశోధకుడు అని పిలవడం శ్రమను రెండు కులాలుగా విడదీయడమే.

రెండవది: విద్యార్థులకు సిద్ధాంత పరిచయం తక్కువ, తప్పులు చేస్తారు. నిజమే, చేస్తారు. మాజిమాజి పత్రాల మీద కూడా తరువాతి చరిత్రకారులు విమర్శలు చేశారు. వేర్వేరు ప్రాంతాల వేర్వేరు కలహాలను ఒకే జాతీయ తిరుగుబాటుగా చూసే చట్రం ఆనాటి పరిశోధనను నడిపించిందన్నది అందులో ప్రధానమైనది. అయితే ఆ చట్రం ఎవరిది? కొత్తగా స్వతంత్రమైన దేశానికి జాతీయ చరిత్ర కావాలని తలచిన ఆచార్యులది. లోపం శాఖది కాగా, దాన్ని విద్యార్థుల అనుభవలేమికి అంటగట్టడం తగదు. పైగా ఆ పత్రాలన్నీ అప్పుడే అచ్చయి, విమర్శకు నిలబడి ఉంటే ఆ లోపం బయటపడడానికి ముప్పై నలభై ఏళ్లు పట్టేది కాదు. తప్పుకు మందు అచ్చువేయకపోవడం కాదు, బహిరంగ విమర్శ.

మూడవది: సమీక్షకులకు తీరిక లేదు. విద్యార్థి వ్యాసాన్ని దిద్ది నిలబెట్టడానికి పట్టే శ్రమ ఎక్కువ, దానికి గుర్తింపు తక్కువ. ఈ మూడింటిలో నిజాయితీగల అభ్యంతరం ఇదొక్కటే. ఇది విద్యార్థి యోగ్యత గురించిన మాట కాదు, మన పని గంటల లెక్క గురించిన మాట. కనుక లెక్కను మార్చాలని అడగాలి. యోగ్యత లేదన్న ముసుగు వేయకూడదు.

4. రెండు తప్పుడు పరిష్కారాలు

ఈ సమస్యను గుర్తించిన విశ్వవిద్యాలయాలు రెండు మార్గాలు పట్టాయి. రెండూ దారి తప్పినవే.

మొదటి మార్గం ప్రత్యేక ఆవరణ. అమెరికాలో చాలెంజర్ ప్రమాదంలో మరణించిన వ్యోమగామి రొనాల్డ్ మెక్‌నేర్ పేరిట సమాఖ్య ప్రభుత్వ పథకం ఒకటి ఉంది. 1988లో ఆరంభమైన మెలన్ ఫెలోషిప్ మోర్‌హౌస్ కళాశాల అధ్యక్షుడు బెంజమిన్ మేస్ పేరుతో నడుస్తున్నది. ఈ రెండూ వేలమంది పేద, అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థులను పరిశోధనలోకి తెచ్చాయి. వాటి మేలును కాదనడం అన్యాయం. అయితే వాటి తర్కం నిచ్చెన తర్కం. డిగ్రీలో చేసే పరిశోధన పిహెచ్.డి.కి ఎక్కే మెట్టు. దానిని అచ్చువేయడానికి విద్యార్థుల కోసమే విడిగా పత్రికలు ఉంటాయి. వాటిని ఆ రంగపు నిపుణులు చదవరు, ఉదహరించరు. పిహెచ్.డి.కి వెళ్లని విద్యార్థి కనుగొన్నది ఏమవుతుంది? మెట్టు ఎక్కలేదు కనుక మెట్టుకే విలువ లేదంటారు. బడిలో ఉపాధ్యాయురాలిగా, ఆస్పత్రిలో నర్సుగా స్థిరపడిన మనిషి ఇరవై ఏళ్ల వయస్సులో తన నాయనమ్మ నోట విని రాసిన హైతీ వలస చరిత్ర, ఆ తరువాత ఎవరూ రాయలేనిది కావచ్చు. జ్ఞానానికి విలువ అది చెప్పిన విషయం వల్ల రావాలి, చెప్పినవారు తరువాత ఎక్కిన ఉద్యోగం వల్ల కాదు.

రెండవ మార్గం మరింత ప్రమాదకరం: ప్రచురణను ధ్రువపత్రంగా మార్చడం. డబ్బు కడితే వారంలో అచ్చువేసే పత్రికల సంత మనకు కొత్త కాదు. అధ్యాపకుల పదోన్నతి మార్కుల లెక్క ఆ సంతను పెంచి పోషించింది. ఇప్పుడు అదే లెక్కను డిగ్రీ విద్యార్థికి అంటిస్తే, చదవకుండా రాయడం, రాయకుండా అచ్చువేయించడం ఇరవై ఏళ్లకే అలవాటవుతుంది. విద్యార్థులు ప్రచురించాలని నేను వాదిస్తున్నాను. ప్రతి విద్యార్థీ ప్రచురించి తీరాలని వాదించడం లేదు. ఈ రెండింటికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత దూరం ఉంది.

పేరు విషయం కూడా ఇక్కడే తేల్చాలి. అట్లాంటా విశ్వవిద్యాలయంలో 1897 నుంచి డబ్ల్యు. ఇ. బి. డుబోయిస్ నడిపిన సామాజిక అధ్యయనాలు నల్లజాతి జీవితం మీద శాస్త్రీయ పరిశోధనకు పునాది. వాటికి సమాచారం సేకరించినవారిలో పట్టభద్రులు, విద్యార్థులు ఉన్నారు. సంపుటాల మీద నిలిచింది సంపాదకుల పేరు. ఆ కాలానికి అది సహజమే కావచ్చు. ప్రయోగశాలలో పనిచేసిన విద్యార్థి పేరు విజ్ఞానశాస్త్ర పత్రికలలో రచయితల వరుసలో చేరుతున్న ఈ కాలంలో, మానవీయ శాస్త్రాలలో మాత్రం క్షేత్రానికి వెళ్లిన విద్యార్థి కృతజ్ఞతల పేరాలో ఒక ముక్కగా మిగలడం సహజం కాదు.

5. మన శాఖల ముందున్న ప్రశ్న

ఈ చర్చ తెలుగు శాఖలకు దూరపు కొండ కాదు. వరవరరావు అనువాదాల ద్వారా మనకు సుపరిచితుడైన గూగీ వా థియాంగో, మకెరెరె విశ్వవిద్యాలయంలో చదువుకొంటున్నప్పుడు ఆంగ్ల శాఖ విద్యార్థి పత్రిక 'పెన్‌పాయింట్'లో కథలు రాసి రచయిత అయ్యాడు. ఆంగ్ల శాఖను రద్దుచేసి ఆఫ్రికా భాషా సాహిత్యాలను కేంద్రంలో పెట్టాలని 1968లో నైరోబీలో ఇద్దరు సహాధ్యాపకులతో కలిసి అడిగిన గూగీని మనం పాఠాలలో చెబుతాం. అతనిని తయారుచేసిన విద్యార్థి పత్రిక ఊసెత్తం.

పైగా సమయం వచ్చింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022లో ప్రకటించిన చట్రం ప్రకారం, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు తెచ్చుకొన్న విద్యార్థి నాలుగవ సంవత్సరంలో పరిశోధన చేసి లఘు సిద్ధాంత వ్యాసం సమర్పించవచ్చు. ఆ వ్యాసాలు ఎక్కడికి పోతాయి? నైజీరియా దీర్ఘవ్యాసాల వలె బీరువాలలోకా, డబ్బు పత్రికలలోకా, మన పత్రికలలోకా? ఇప్పుడు తేల్చుకోకపోతే బీరువాలే తేలుస్తాయి.

పాన్-ఆఫ్రికన్ అధ్యయనాలకే మన నేల మీద ఒక చిరునామా ఉంది. హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ అనే పేట పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అన్న దళం నుంచి వచ్చింది. ఆ సిద్దీల సంతతి ఇప్పటికీ అక్కడ ఉంది. పెళ్లి ఊరేగింపుల్లో మోగే మర్ఫా వాద్యాల చప్పుడు ఆ చరిత్రలో భాగమే. సైనిక దళం రోజులు ఎరిగినవారు ఇప్పుడు అతి కొద్దిమంది. 1968లో మాజిమాజి సాక్షుల స్థితి అదే. ఆ పేటలోనో పక్క పేటలోనో పుట్టి, ఉర్దూ తెలుగు రెండూ వచ్చిన డిగ్రీ విద్యార్థిని కన్నా ఈ పనికి తగినవారెవరు? ఆమెకు డాక్టరేటు వచ్చేదాకా ఆగమని చెప్పే అధికారం మనకు ఉండవచ్చు. ఆగమని ఆ వృద్ధులకు చెప్పే అధికారం లేదు.

కనుక పరిశోధన పత్రికల సంపాదకుల ముందు నాలుగు ప్రతిపాదనలు. వ్యాసాన్ని రచయిత పేరు, హోదా తెలియకుండానే పరిశీలనకు పంపాలి. పరిశీలనలో నిలిచిన డిగ్రీ విద్యార్థి వ్యాసాన్ని విడి అనుబంధంలో కాక తక్కిన వ్యాసాల మధ్యనే అచ్చువేయాలి. తిరస్కరించినప్పుడు కారణాలు రాసి పంపాలి. ఆ రాత శ్రమను అధ్యాపకుడి బోధన పనిగా శాఖ లెక్కించాలి. క్షేత్రానికి వెళ్లిన విద్యార్థి పేరు లేకుండా ఆ సామగ్రి మీద ఆధారపడిన వ్యాసాన్ని స్వీకరించకూడదు; మాట ఇచ్చిన వృద్ధుల అనుమతి ఉన్నదీ లేనిదీ కూడా అడగాలి. అచ్చుకాని లఘు సిద్ధాంత వ్యాసాల జాబితాను, ప్రతులను గ్రంథాలయంలో అందరికీ అందుబాటులో ఉంచాలి.

వీటిలో ఏ ఒక్కటీ ప్రమాణాన్ని తగ్గించమని అడగడం లేదు. ప్రమాణం ఒకటే ఉండాలని, దాని ముందు ఎవరైనా నిలబడే హక్కు ఉండాలని అడుగుతున్నది. శివ్‌జీ వ్యాసాన్ని రోడ్నీ చదివింది ఆ ప్రమాణంతోనే. సంకేత సంఖ్యల వెనుక మిగిలిపోయిన మాజిమాజి విద్యార్థులకు దక్కనిది కూడా అదే.